ఆకులు లేని గుట్టకు పచ్చ రైకలు

నేనిక్కడ రాసేదంతా నిజం. కృష్ణ నీళ్ళు దోసిట పట్టి, దేవసూగూరు గుడి వైపు మొహం తిప్పి, ఇన్నేళ్ళూ నాకు అన్నం పెట్టిన జీపు స్టీరింగు మీద చెయ్యి వేసి ఒట్టు పెడుతున్నాను. దోసిట్లో నీళ్ళుంటే స్టీరింగు మీదికి మూడో చెయ్యి ఎక్కణ్ణించి వచ్చిందని అడగకండి. ఒట్టుకు కావలసింది మనసు. ఇందులో ఒక్క మాట కల్పించి రాసినా వచ్చే వేసవంతా నా బండికి నిలబడే నీడ దొరక్కుండా పోవాలి.

రాయచూరులో నన్నెరిగినవాళ్ళు ఇది చదివి నవ్వుకుంటారు. స్టేషను ముందర టీ బండి పెట్టుకున్నతను నేను టైము చెప్పినా పక్కవాడి గడియారం చూసుకుంటాడు. ఒకప్పుడు నలుగురినీ నవ్వించడానికి గొప్పలు చెప్పేవాణ్ణి. తర్వాత అలవాటు కొద్దీ చెప్పాను. ఇప్పుడు యాభై దాటాక, నిజం చెప్పే ఓపిక లేక చెబుతున్నాను. నిజానికి చాలా ఓపిక కావాలి. ముందొకటి, వెనకొకటి, అన్నీ పొందిగ్గా పేర్చాలి. అబద్ధం అలా కాదు, తాళం చెవి తిప్పగానే బయల్దేరుతుంది.

అప్పట్లో నాది బాడుగ జీపు. నది ఒడ్డున కరెంటు ఫ్యాక్టరీకి పొగగొట్టాలు ఒకటి తర్వాత ఒకటి లేస్తున్న రోజులు. ఇంజనీర్లను తిప్పేవాణ్ణి, గుత్తేదార్లను తిప్పేవాణ్ణి, ముహూర్తాలున్నప్పుడు పెళ్ళివాళ్ళను తిప్పేవాణ్ణి. ఎండాకాలం మాత్రం అడవి లెక్కవాళ్ళు వచ్చేవారు. దేశంలో అడవి ఎంత ఉందో, ఎంత పోయిందో ఆకాశంలోంచి ఫొటోలు తీసి చూస్తారట. ఫొటోలో కనిపించింది నేల మీద ఉందా లేదా అని చూడ్డానికి మాత్రం మనుషులు రావాలి. ఆ మనుషులు నడవాలంటే ముందు నా జీపు నడవాలి.

అడవి వెతుక్కుంటూ రాయచూరు జిల్లాకు రావడం ఏమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. వచ్చిన సారుకు మరీ అనిపించింది. ఆయన మలెనాడు మనిషి, కాఫీ తోటల మధ్య వాన ఆగని ఊళ్ళో పుట్టినవాడు. సన్నటి మనిషి, టోపీ కింద తడిపిన రుమాలు, మెడలో తాడుకు వేలాడే చిన్న యంత్రం. మనం భూమ్మీద ఎక్కడ నిలబడ్డామో ఆ యంత్రం చెబుతుంది. కన్నడంలో మెల్లగా మాట్లాడేవాడు. నన్ను "డ్రైవరే" అని పిలిచేవాడు. ఆయన మాటలు ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నాను, కొంచెం అటూ ఇటూ అయినా మనిషి మాత్రం అదే.

మొదటి రోజు దేవసూగూరు దాటుతుంటే పొగగొట్టాల మీద తెల్లగా నిలబడ్డదాన్ని చూసి ఆయన మొహం వెలిగింది.

"మబ్బా డ్రైవరే?"

"అవును సార్. మాకు సొంత మబ్బులున్నాయి. వాన ఒక్కటే బయట్నుంచి తెప్పించుకోవాలి" అన్నాను.

ఆయన నవ్వలేదు. టోపీ తీసి రుమాలు మళ్ళీ తడుపుకున్నాడు.

ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. బెంగుళూరులోనో ఇంకెక్కడో కూర్చున్నవాళ్ళు పటం మీద చుక్కలు పెట్టి పంపుతారు. మేము ఆ చుక్క దగ్గరికి వెళ్ళాలి. చుక్కకు దారి ఉండదు. బండి ఆగినచోట దిగి ముళ్ళలో నడవాలి. యంత్రం "ఇదే" అన్నచోట ఆగి, తాడుతో గిరి గీసి, అందులో చెట్లు కొలవాలి. చాలాసార్లు చెట్టే ఉండదు. కొలిచేందుకు ఏమీ లేదని కూడా కొలిచి రాయాలి. సాయంత్రానికి నా నడుము ఒకవైపు, జీపు స్ప్రింగులు ఒకవైపు మూలిగేవి. అద్దం మీద ఫ్యాక్టరీ బొగ్గు బూడిద పడితే వైపరు వేయలేము. వేస్తే గీతలు పడతాయి. గుడ్డతో దులుపుకోవాలి. దులిపి రెండు ఊళ్ళు దాటేసరికి మళ్ళీ అంతే బూడిద.

ఒక చుక్క దగ్గర ఫొటోలో దట్టమైన అడవి ఉంది. వెళ్ళి చూస్తే ఫ్యాక్టరీ బూడిద నీళ్ళు నిలిచే చెరువు. దాని కట్ట వెంబడి సర్కారు తుమ్మ. మనిషి దూరలేనంత తుమ్మ. టైరు పంచరైంది. అది విప్పుతుంటే నా అరిచెయ్యి కూడా పంచరైంది.

"ఇది అడవేనా సార్?" అన్నాను.

"పైనుంచి చూస్తే చెట్ల నీడ నేలను ఇంత మేర కప్పాలి. కప్పితే అడవి. ఏ చెట్టు, ఎవరి నేల, ఎవరు నాటారు, అదంతా చూడం. తక్కువైతే పొదల నేల అని రాస్తాం."

"అయితే ఇందులో పులి కూడా ఉంది, రాసుకోండి. ముళ్ళు గుచ్చుకుని అడుగు తీసి అడుగు వెయ్యలేక ఇక్కడే ఉండిపోయింది."

ఆయన తలూపి, అడవి అని రాశాడు. పులిని రాయలేదు. ఇంకోచోట ఎవరో వేసుకున్న నీలగిరి తోట, అదీ అడవే. మరోచోట ఒకప్పుడు నిజంగానే అడవి, మా నాన్న కాలంలో తోడేళ్ళు తిరిగిన చోటు. అక్కడ మొద్దులూ రాళ్ళూ మిగిలాయి. అది పొదల నేల కూడా కాలేదు. సారు పెన్ను మూత పెట్టి కాసేపు అక్కడే నిలబడ్డాడు. అలిసిపోయాడనుకున్నాను. అలసటే, కానీ ఎండది కాదు.

ఇప్పుడు మా అక్క గురించి చెప్పాలి, ఎందుకంటే ఇదంతా ఆమె గుట్ట గురించే. నాకంటే పెద్దది, నాకు మిగిలిన ఒక్క తోబుట్టువు. బావ చాలా ఏళ్ళ కిందే పోయాడు. ఆమె ఊరు దేవసూగూరుకు పడమట, తెలుగూ కన్నడమూ ఒకే వాకిట్లో మాట్లాడుకునే పల్లె. ఊరి వెనక గుట్ట. గుట్ట నిండా సీతాఫలం చెట్లు, మధ్యమధ్య తంగేడు, రేగు, ఎవరూ పెంచకుండా పెరిగిన వేపలు. వానలు వెనకబట్టాక కాయలు పండితే అక్క గంపకెత్తి రాయచూరు బస్సెక్కేది. మిగతా కాలం అదే గుట్ట మీద చీపురు గడ్డి కోసేది, ఎండుపుల్లలు ఏరేది. ఆమెకు సెంటు పొలం లేదు. ఉన్నదల్లా ఆ గుట్ట, అది కూడా ఆమెది కాదు. మా పక్క గైరాను అంటాం. సర్కారు నేల, పశువులు మేసుకోవచ్చు, ఎవరి పేరూ ఉండదు.

ఆ ఏడు బూడిద చెరువు కట్టను ఎత్తు పెంచాలన్నారు. కట్టకు మొరం కావాలి, ఎర్రటి గరుసు మట్టి. మొరం మా అక్క గుట్టలో ఉంది. గుత్తేదారు మనుషులు వచ్చి బండల మీద సున్నంతో గుర్తులు పెట్టి పోయారు. తాలూకా ఆఫీసులో ఎవరో అన్నారట, అది అడవైతే తవ్వడానికి వీల్లేదని. ఆ మాట ఊరికి చేరింది. ఊరి నుంచి అక్కకు, అక్క నుంచి నాకు.

"నీ జీపులనే తిరుగుతడంట గదా అడివి రాసుకునే సారు" అంది అక్క, నేనొకసారి భోజనానికి ఆగినప్పుడు. "మా గుట్టను రాసుకొమ్మని చెప్పు."

"చెబితే రాసేది కాదక్కా. పైనుంచి కనిపించాలి."

"ఎట్ల కనబడాలె?"

ఇక్కడే నా నోరు తాళం చెవి లేకుండా స్టార్టయింది. వాకిట్లో అప్పటికే పది మంది చేరారు. గుట్ట కింద దర్గా చూసుకునే చాచా కూడా బీడీ వెలిగించుకుని కూర్చున్నాడు. ఆకాశంలో ఒక కన్ను ఉందన్నాను. అది రెప్ప వేయదన్నాను. అది చూసేది ఒక్క ఆకుపచ్చనేనని, పచ్చ ఎక్కడ కనిపిస్తే అక్కడ అడవి అని రాసుకుంటూ పోతుందని, కర్నూలు వైపు ఒకావిడ దండెం మీద పచ్చ చీర ఆరేస్తే ఆ ఇంటిని కూడా అడవిలో కలిపేశారని, పాపం ఆమె ఇప్పుడు పొయ్యి రాజేయాలన్నా ఫారెస్టువాళ్ళ పర్మిషను తీసుకుంటోందని చెప్పాను. అందరూ నవ్వారు. నేను చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

నవ్వినవాళ్ళు నమ్మరని నేను అనుకున్నాను. అదే నాకు తెలియలేదు. నవ్వుతూనే నమ్మవచ్చు.

మా జాబితాలో అక్క గుట్ట చుక్క ఎండలు ముదిరాక వచ్చింది. ఫలానా రోజు వస్తున్నామని బస్సు కండక్టరుతో కబురు పెట్టాను, సారుకు రొట్టె, మజ్జిగ సిద్ధంగా ఉంచమని. అంతకు మించి నా మనసులో ఏమీ లేదు. ఆ నెలలో సీతాఫలం చెట్టుకు ఆకు ఉండదు. అక్కడో వేప ఇక్కడో వేప తప్ప గుట్టంతా ఎండుపుల్లల కట్టలా ఉంటుంది. సారు చూస్తాడు, పొదల నేల అని రాస్తాడు. ఈ సంగతి నాకు తెలుసు. అక్కకు చెప్పే ధైర్యం లేక ఊరుకున్నాను.

ఊరు ఇంకా దూరం ఉండగానే సారు సీట్లో ముందుకు వంగాడు.

"ఏనదు?" అన్నాడు, అదేమిటని.

గుట్ట పచ్చగా ఉంది. చుట్టూ నేల బూడిద రంగులో మాడిపోయి ఉంటే మధ్యలో ఆ ఒక్క గుట్ట చిలకపచ్చగా, పైగా కదులుతూ ఉంది. నా జీవితంలో నేను చెప్పని అబద్ధం నా కళ్ళముందు నిలబడింది. దగ్గరికి పోయేకొద్దీ నా కాలు యాక్సిలరేటరు మీద నుంచి దానంతటదే లేస్తోంది.

రైక ముక్కలు. ప్రతి చెట్టుకూ, ప్రతి కొమ్మకూ పచ్చ రైక ముక్క. మా వైపు ఆడపడుచుకు ఒడిబియ్యం పోసేటప్పుడు పచ్చ రైక ముక్క పెట్టాలి. పెట్టినదాన్ని ఎవరూ కుట్టించుకోరు. పెట్టెలో దాచి, ఇంకొకరి ఒడిలో పెడతారు. వాళ్ళు మరొకరికి పెడతారు. అలా ఒకే ముక్క ఊరంతా తిరుగుతూ ఏళ్ళ తరబడి కత్తెర చూడకుండా బతుకుతుంది. ఆ ముక్కలన్నీ ఆ రోజు పెట్టెల్లోంచి గుట్టెక్కాయి. పైన బండల మీద దర్గాలో పాతబడ్డ పచ్చ చాదర్లు పరిచి, ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టారు. ఒకచోట పచ్చ లుంగీ. ఒకచోట దోమతెర. వడగాలికి అన్నీ రెపరెపలాడుతున్నాయి.

ఊరంతా గుట్ట కింద నిలబడి ఉంది. అక్క ముందుంది. మొహం నిండా చెమట, చేతుల నిండా ముళ్ళ గీతలు.

సారు దిగి, టోపీ తీసి, నా వైపు చూశాడు. నేను అలవాటైన పనే చేశాను.

"మా దగ్గరి ఆచారం సార్. ఇవాళ గుట్టకు సీమంతం. కాయలు బాగా కాయాలని ఊరంతా పచ్చ గుడ్డ పెడతారు. అనాదిగా వస్తోంది."

"డ్రైవరే, మీరు చెప్పింది బాగుంది. కానీ ఆ గుడ్డల మడతలు ఇంకా పోలేదు" అన్నాడాయన.

అక్కకు కన్నడం నాకంటే బాగా వచ్చు. నన్ను పక్కకు నెట్టి తనే మాట్లాడింది. "సీమంతం లేదు, ఏం లేదు సారూ. వాని మాటలు వినకు. పైకెల్లి సూస్తే పచ్చగ అగుపడాలని కట్టినం. అగుపడితే అడివి అని రాస్తరంట గదా. రాస్తే తవ్వరంట గదా."

ఆయన ఒక బండ మీద కూర్చున్నాడు. తర్వాత సంచిలోంచి ఫొటో కాగితం తీసి మోకాళ్ళ మీద పరిచాడు. ఊరు చుట్టూ మూగింది.

ఆ కాగితం మీద ఆకుపచ్చ అనేదే లేదు. అంతా ఎరుపు, బూడిద, నీలం. ఆకును ఆ యంత్రం ఎర్రగా చూపిస్తుందని సారు చెప్పాడు. అది చూసేది రంగును కాదు, మన కంటికి కనిపించని ఒక వెలుగును ఆకు తిప్పికొడుతుంది, దాన్ని. బూడిద చెరువు పక్క తుమ్మ నెత్తుటి ముద్దలా మెరుస్తోంది. మా గుట్ట ఉన్నచోట రోజా రంగు పలచగా, చెయ్యి తగిలితే చెరిగిపోయేలా ఉంది.

చాచా కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి వంగి చూశాడు.

"లాల్ ఉండాల్నా? ముందుగాల చెప్పొద్దా బేటా" అన్నాడు నాతో. "లాల్‌వి ఇంకా చాన ఉండె ఊర్ల."

ఆ వేసవంతటిలో సారు నవ్వగా చూసింది అప్పుడే. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వి, రుమాలుతో తుడుచుకుని, ఎర్ర గుడ్డ కట్టినా అది ఆకు కాదు తాతా అన్నాడు. ఫొటో ఇవాళ తీసింది కూడా కాదన్నాడు. ఊళ్ళోవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

తర్వాత కొలత. గుడ్డల మధ్యనే తాడు పట్టి గిరి గీశారు. సారు ఒక్కో మోడు దగ్గరికీ వెళ్ళి, రైక ముక్కను మర్యాదగా పక్కకు జరిపి, చుట్టుకొలత తీశాడు. అక్క ఆయన వెనకే నడిచింది.

"ఆకు లేకుంటె చెట్టు గాదా సారూ? ముసలోనికి పండ్లు రాలినయని మనిషి గాడంటమా?"

"చెట్టేనమ్మా. కానీ లెక్కకు నీడ కావాలి."

"వానలు పడ్డంక రా. నీడల పండుకోని పోదువు."

ఆయన ఆగాడు. యంత్రాన్ని చూశాడు, గుట్టను చూశాడు. ఆకు రాల్చే చెట్లు, వానల తర్వాతి ఫొటో మళ్ళీ చూసి తేల్చాలి, అని రాసుకున్నాడు. రాసింది నాకూ చదివి వినిపించాడు. ఆయన చేయగలిగింది అంతేననీ, అది తక్కువేమీ కాదనీ నాకు అర్థమైంది. అక్క ఇంట్లో జొన్న రొట్టె, పుండికూర తిని, మజ్జిగ రెండోసారి అడిగి తాగాడు. తిన్నంతసేపూ మలెనాడులో వాళ్ళ ఇంటి వెనక అడవి గురించి చెప్పాడు. అది కూడా పలచబడుతోందట, కింద కాఫీ మొక్కలు కమ్ముకుని ఉండటంతో ఆ సంగతి కనబడదట, పైనుంచి చూస్తే ఎప్పటిలా ఎర్రగానే ఉంటుందట.

మేం బయల్దేరుతుంటే ఆడవాళ్ళు గుట్ట మీద గుడ్డలు విప్పుతూ పోట్లాడుకుంటున్నారు.

"ఇది నాది. నీ బిడ్డ ఒడిబియ్యానికి నేనే పెట్టిన."

"పెట్టినంక నాదైతది గాని నీదెట్లయితది వదినా?"

"నాకు మా ఆడపడుచు పెట్టింది గాదూ ఇది. అంచు సూడు."

అన్నీ అందరివే కావడంతో ఆ పంచాయతీ తెగలేదు. ముళ్ళకు చిరిగినవి అక్కడే వదిలేశారు.

వానలు పడ్డాయి. ఆ ఏడు కాయ బాగా కాసిందని అక్క చెప్పి పంపింది. తవ్వకం మాట కొన్నాళ్ళు వినబడలేదు. నేను పెళ్ళివాళ్ళను తిప్పుకుంటూ ఉండిపోయాను. చాలా నెలల తర్వాత సారు ఫోను చేశాడు. కొత్త పటం తయారైందట.

"మీ అక్కగారి గుట్ట అడవిలోకి వచ్చింది డ్రైవరే. పలచటి అడవి. నేను మళ్ళీ చూడమన్నాను, చూశారు, వచ్చింది."

ఆయన గొంతులో సంతోషం విన్నాను. ఆ మనిషి సంతోషపడటం కష్టం, కాబట్టి గుర్తుంది. నేను వెంటనే బండి తీశాను. ఈసారి అక్కకు నిజమే చెప్పబోతున్నాను, అదీ కల్పించకుండా. దారి పొడుగునా ఎలా చెప్పాలో పేర్చుకుంటున్నాను.

ఊరి మలుపు దగ్గర టిప్పరు ఎదురొచ్చింది. పక్కకు తీశాను. దాని వెనక ఇంకొకటి. పరదాలు కట్టకుండా నిండా ఎర్రటి మొరం. దుమ్ము తగ్గేదాకా అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నాను.

గుట్ట తూర్పు ముఖం అప్పటికే లేదు. మట్టి తవ్వే యంత్రం ఒక వేపచెట్టును వేళ్ళతో సహా పక్కకు నెడుతోంది. గుత్తేదారు తరఫు సూపర్‌వైజరు గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కాలవ నీళ్ళకు వలసొచ్చిన కోస్తా రైతులు కట్టుకున్న పల్లెను మా పక్క క్యాంపు అంటాం, అలాంటి క్యాంపులో స్థిరపడ్డ కుర్రాడు. మంచివాడే, నాకు మంచినీళ్ళు ఇప్పించాడు.

"అడవి అని పటంలో వచ్చింది" అన్నాను.

"ఏ పటమండీ?"

చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"అదా. అది లెక్క కోసం వేసే పటమండీ. అడవంటే ఫారెస్టు వాళ్ళ రికార్డులో నోటిఫై అయ్యుండాలి. ఇది గైరాను. మాకు పర్మిషను ఎప్పుడో వచ్చేసింది. మీ సారు లెక్కపెట్టుకుంటాడు, మేం తవ్వుకుంటాం. ఎవరి డ్యూటీ వాళ్ళదండీ."

తాలూకా ఆఫీసులో ఎవరో అన్న మాట మీద ఊరు ఊరంతా గుట్టెక్కింది. ఆ మాట అన్నవాడెవరో, ఏ అడవి గురించి అన్నాడో ఇప్పటికీ తెలియదు.

అక్క ఇంట్లోనే ఉంది. గుమ్మంలో కూర్చుని గంపకు తెగిన ఈత బద్ద మారుస్తోంది. నేను అడవి సంగతి చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"రాసిండా? మంచోడు" అంది. కాసేపటికి, "ఇంకో వారం ముందు రాసుంటే?" అంది.

"అయినా ఆపేవాళ్ళు కాదక్కా. అది వేరే, ఇది వేరే."

"మరి ఎందుకు రాస్తరు?"

దీనికి నా దగ్గర అబద్ధం కూడా లేదు. బయటికి వచ్చి సారుకు ఫోను చేశాను. ఆయన అంతా విన్నాడు.

"మేం చూసేవాళ్ళం డ్రైవరే. ఆపే పని మాకు ఇవ్వలేదు" అన్నాడు చివరికి. "ఈసారి వచ్చినప్పుడు పోయిందని రాస్తాం. అది కూడా సరిగ్గానే రాస్తాం."

అన్నట్టే వచ్చాడు. తర్వాతి విడత ఎండల్లో, అదే టోపీ, జుట్టు ఇంకొంచెం తెల్లబడి. యంత్రం "ఇదే" అన్నచోటు గాల్లో ఉంది, ఎందుకంటే నేల కిందికి పోయింది. గుంత అంచున నిలబడి తాడు పట్టే పని లేకుండా రాసుకున్నాడు. నేను ఏదో ఒకటి చెప్పి నవ్వించాలనుకున్నాను. ఆకాశంలో కన్ను ఈ గుంతను చూసి చెరువనుకుని చేపలు లెక్కపెడుతోందని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. తిరుగు దారిలో కృష్ణ బ్రిడ్జి దగ్గర ఆయన అద్దం దించి, బూడిద కొట్టుకొస్తే మళ్ళీ ఎక్కించుకున్నాడు.

అంతా పోలేదు. అది కూడా చెప్పాలి. కట్టకు చాలినంత మొరం అయ్యేసరికి యంత్రాలు ఆగాయి. గుట్ట పడమటి సగం అలాగే నిలిచిపోయింది, కోసిన రొట్టెలా ఒకవైపు నిట్టనిలువుగా. ఆ సగం మీద సీతాఫలం చెట్లు ఇప్పటికీ ఉన్నాయి. అక్క ఇప్పుడు ముసలిదైంది, అయినా కాయల కాలం వస్తే పొద్దున్నే గంప పట్టుకుని ఎక్కుతుంది. పోయిన ఏడు కూడా నాకో గంప పంపింది. పటంలో ఆ సగం పలచటి అడవిగానే ఉందట.

ఒట్టు పెట్టాను కాబట్టి చెప్పేస్తాను. ఇందులో ఒక ముక్క నేను కల్పించాను. మీరు రైకల దగ్గర అనుమానపడి ఉంటారు. రైకలు నిజం. చాదర్లు నిజం, దోమతెర నిజం, చాచా అన్న మాట అక్షరాలా అదే. కర్నూలావిడ, పులి అబద్ధాలని అవి చెప్పిన రోజే అందరికీ తెలుసు. నేను కల్పించింది పడమటి సగం. కట్టకు మొరం చాలింది గానీ, ఆ తర్వాత రోడ్డుకు కావలసి వచ్చింది. అక్కడ ఇప్పుడు గుట్ట లేదు. వానాకాలం నీళ్ళు నిలుస్తాయి, ఎండాకాలం అవీ ఉండవు. అక్క కాలవ క్యాంపుల్లో మిరపకాయలు ఏరడానికి పోతోంది. ఘాటుకు రాత్రిళ్ళు దగ్గుతుంది. కాయలు పంపి చాలా ఏళ్ళయింది.

ఇది రాసి ముందు ఆమెకే చదివి వినిపించాను. అక్కకు చదువు రాదు, కానీ వింటే ఒక్క మాట వదలదు. మంచం మీద పడుకుని, కళ్ళు మూసుకుని విన్నది. రైకల దగ్గర కొంచెం నవ్వింది. పడమటి సగం నిలిచిందని చదివినప్పుడు కళ్ళు తెరిచింది. తిడుతుందేమో, ఆ ముక్క కొట్టెయ్యమంటుందేమో అనుకుని ఆగాను.

"పడమటి దిక్కా?" అంది.

"ఊఁ."

"ఎట్లన్న అబద్ధమే రాస్తివి గదా తమ్మీ. తూర్పు దిక్కు ఎందుకు ఉంచకపోతివి? ఆడ కాయలు లావుంటుండె."